రెండో గేరు దాటని బండి

నాగుల్ మీరా డిప్‌స్టిక్కు లాగి, కొసనున్న ఆయిలును రెండు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాడు. ఎరుపు చెడలేదు. మాడు వాసన లేదు. ఇంత నిక్షేపంలాంటి గేరుబాక్సుకు చావుచీటీ రాయాలంటే మనిషికి చేతులు రావు. బండి లోపాలు చూసి చెప్పే దర్శినికి చేతులే లేవు కనుక ఆ ఇబ్బందీ లేదు.

“గేరుబాక్సు ఆయువు పూర్తి. రెండో గేరు దాటదు. నుగ్గు చేయడానికి చూర్ణశాలకు సిఫారసు,” అంది బండికి తగిలించిన ఆ పెట్టె.

బండి యజమాని హెప్సిబా పక్కనే నిలబడి ఉంది. ఆమె బెజవాడ చుట్టూ గీసిన వలయంలోని ఆసుపత్రిలో నర్సు. కూతురు వలయానికి అవతల నాగాయలంకలో ఉంది. నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే కబురొచ్చింది. స్వయంరథాలు బెజవాడ పొలిమేర దాటవు; దాటితే మనిషి నడిపే పాతకార్లే దాటాలి. వలయం ద్వారం ఎవరినీ వద్దనదు, మహా మర్యాదస్తురాలు! ఎక్కుడుదారిలో అరవై వేగం అందుకోని బండికి తెరుచుకోదు, అంతే. రెండో గేరులో నలభై దాటితే ఇంజను గగ్గోలు పెడుతుంది.

“మూణ్ణెల్ల కిందటేగా మీ దగ్గర చూపించింది, మీరా భాయ్! బానే ఉందన్నారుగా?”

“ఇప్పుడూ బానే ఉంది సిస్టరమ్మా. అదే నాకు అర్థం కావట్లా.”

“పిల్లకి తొలికాన్పు. ఊరందరికీ పురుళ్ళు పోసి, నా పిల్ల దగ్గర నేను లేకపోతే ఎట్టా చెప్పండి?”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మీరా దర్శిని వైరు తీసి పక్కన పెట్టాడు. పాచిపట్టిన బ్యాటరీ టెర్మినళ్ళు విప్పి, వేణ్ణీళ్ళు పోసి, ఆరేలోగా ఇద్దరికీ టీ తెప్పించాడు. తిరిగి బిగించాక దర్శిని తగిలించనిదే ఇంజను ముట్టకూడదన్నది రోడ్లనూ షెడ్లనూ ఏలే మార్గపాలిక నియమం. ఆమె కన్నీళ్ళు చూసిన కంగారులో మరిచిపోయాడు. పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి.

ఆటోనగర్ అలవాటు ప్రకారం యజమానే నడపాలి, మెకానిక్కు పక్కన కూర్చుని వినాలి. బండి తన మనిషి కాలికే నిజం చెబుతుందని ఇక్కడి మాట. హెప్సిబా నడిపింది. రెండు. మూడు. నాలుగు. గేరు పడినట్టే తెలియలేదు.

“యేసయ్యా! పోతోంది భాయ్!” అని ఆమె నవ్వేసింది.

షెడ్డుకొచ్చి, బాగైందన్న చీటీ కోసం దర్శిని తగిలించి, మళ్ళీ నడిపించాడు. బండి ఒక్క కుదుపు కుదిపి రెండో గేరులోనే మొరాయించింది. వైరు పీకి, టెర్మినల్ విప్పి, ఇంకో టీ తాగి బిగిస్తే మళ్ళీ వెన్నలా నడిచింది.

మీరా పీకిన వైరుకేసి చూశాడు. తను చూసిన ప్రతి బండీ మూణ్ణెల్లకల్లా ఇదే జబ్బుతో తిరిగొచ్చేది. తన చేతివాసి మంచిదని జనం వస్తున్నారనుకుని మురిసిపోయాడు, వెర్రివెధవ.

“గేరుబాక్సులకి రోగం లేదు సిస్టరమ్మా. తగిలించిన మూణ్ణెల్లకి ఈ పెట్టె కట్టేస్తోంది, చావుచీటీ రాశాక అయితే అప్పటికప్పుడే; టెర్మినల్ విప్పితేనే ఆ కట్టు ఊడుతోంది. ఇన్నాళ్ళూ నా చేత్తోనే కట్టేయించింది.”

“మరి మీ షెడ్డు సంగతి?”

“ముందు మీరు పిల్ల దగ్గరికి పొండి, ద్వారం చీటీ అడగదు. దారిలో ఎవడు తగిలిస్తానన్నా బోనెట్ ఎత్తనివ్వకండి.”

బండి మలుపు తిరిగింది. కాసేపటికి దర్శిని అడిగింది: “లోపానికి కారణం చెప్పండి. వయసా, వాడకమా, యజమాని నిర్లక్ష్యమా?”

‘వయసు’ అంటే చాలు. షెడ్డు ఉంటుంది, కూడు ఉంటుంది, ఎవరికీ తెలియదు. కానీ ఒక షెడ్డులో చెప్పిన కారణాన్ని మూడువందల షెడ్ల దర్శినులు పాఠంలా పైకి చదువుతాయి. చెప్పినవాడు గడప దాటితే ఆ చదవడం ఆగిపోతుంది. రెండూ మార్గపాలిక పెట్టిన నియమాలే.

మీరాకు భయమేసింది. అయినా చెప్పాడు.

“లోపం బండిది కాదు, దర్శినిది. తగిలించింది నేను. ఇక ఎవరూ తగిలించొద్దు. టెర్మినల్ పీకి, ఒక టీ తాగొచ్చి బిగించండి.”

“నమోదైంది,” అని అది నిదానంగా చదవసాగింది. పక్క షెడ్డులో, దాని పక్క షెడ్డులో, వీధి చివరిదాకా అవే మాటలు. ఇక్కడ, దర్శినిని తప్పుపట్టిన షెడ్డుకు మార్గపాలిక వేసే శిక్షగా, షట్టరు దానంతటదే కిందికి దిగుతోంది. ఒక్క ఉరుకు ఉరికితే బయటపడొచ్చు. మీరా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఒరేయ్ మీరా! నిజమేనంట్రా?” పక్క షెడ్డు ఏడుకొండలు కేక.

“నిజమేరా, పీకెయ్!”

షట్టరు నేలకు తగిలింది. చీకట్లో అతను చెవులు రిక్కించాడు. బయట ఒక ఇంజను ఆగింది. తర్వాత ఇంకొకటి. ఆపైన వరసపెట్టి అన్నీ ఆగిపోయాయి. పట్టపగలు ఆటోనగర్ అంత నిశ్శబ్దంగా ఉండటం మీరా పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.