నౌపడ గట్టు మీద ఇద్దరు

పిట్టలకి లెక్క రాదు. పిట్టల్ని చూడ్డానికి తిరిగే మా బోటివాళ్లకి అదే పెద్ద ఆసరా. ఇద్దరు చాటుగా కట్టిన తాటాకు పాకలోకి వెళ్లి, ఒకరు బయటికొచ్చి వెళ్లిపోతే, పాక ఖాళీ అయిందనుకుని అవి మళ్లీ దగ్గరకొచ్చి వాలతాయి. రెండోవాళ్లు లోపల కదలకుండా కూర్చుని చూసుకోవచ్చు.

2014 డిసెంబరులో మా తమ్ముడు ఎజ్రాని తీసుకుని వాడి బండి మీద నౌపడ ఉప్పుమడులకి వెళ్లాను. నాన్న పోయిన దగ్గర్నించి వాడు మనిషి మనిషిలా లేడు. ఎవరు పిలిస్తే వాళ్ల వెనకాల పోతున్నాడు. వాణ్ని ఒక్కణ్ణి వదలొద్దని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. నేను వినే రకమా! పాకలో వాడు దగ్గుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. బండి దగ్గరికి పొమ్మని కసిరాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లాడు.

పొద్దున్న తొమ్మిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. బురద వాసన, కుళ్లిన నాచు వాసన. ఫ్లెమింగోలు దూరంగా తలలు ముంచి తింటున్నాయి. బురదలో పొడుచుకు తినే చిన్న ఉల్లంకి పిట్టలు మాత్రం దగ్గరకొచ్చాయి. గుమ్మంలోకి... లోపలికి... ఒకటి నా పాదం మీంచి నడిచి, నా వేళ్ల సందుల్లో మట్టి పొడుచుకుంటోంది. ఎంత అదృష్టం అని మురిసిపోయాను.

కాసేపటికి కాలు కదిపాను. ఎగరలేదు. చప్పట్లు కొట్టాను. ఒక్కటీ తలెత్తలేదు.

పాక ఖాళీగా ఉందనుకుంటున్నాయవి. మరి నేను...?

తాటాకుల సందులోంచి బైనాక్యులర్స్ గట్టు వైపు తిప్పాను. ఎజ్రా నడుస్తున్నాడు. పక్కన ఒక ఆడమనిషి. నా నీలం చున్నీ. నా నడక. వాడి భుజం మీద చెయ్యేసింది.

నా చున్నీ నా మెడలోనే ఉంది.

పరిగెత్తాను. బురద మోకాళ్ల దాకా లాగేసింది. అరిస్తే వాడు తిరగలేదు. వాళ్లు బండెక్కుతుంటే ఫోను చేశాను. ఎత్తాడు.

"ఎజ్రా... ఎనక్కి సూడకు," అన్నాను గుసగుసగా. "బండి దిగిపో. నానింకా పాక కాడే ఉన్నాను."

వాడి ఊపిరి వినిపించింది. ఆ వెనకాల నా గొంతు, విసుగ్గా.

"ఎవుల్రా అది?"

"ఎవులూ కాదక్కా... రాంగు నంబరు," అన్నాడు వాడు. పెట్టేశాడు.

ఆటోలో టెక్కలి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. వాడు వసారాలో ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. ఇంతసేపు ఎక్కడ తిరిగావని అమ్మ నన్ను తిట్టింది. వాడు కంచంలోంచి తలెత్తలేదు. వాణ్ని అడక్కుండా కాళ్ల బురద కడుక్కున్నాను. పొమ్మన్నది నేనే కదా!

ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు. నవ్వుతాడు, ఉద్యోగానికి వెళతాడు. బండి మాత్రం బాగా ముందుకి జరిగి, దాదాపు ట్యాంకు మీద కూర్చుని నడుపుతాడు. మొన్న వాన పడుతుంటే, బస్టాండు దాకా దింపరా అని అడిగాను.

వాడు ఖాళీగా ఉన్న వెనక సీటు కేసి ఒకసారి చూసి, చాలా మర్యాదగా చెప్పాడు.

"సోటు లేదండీ."