అట్ట మీద లేని పేరు

శనివారం పొద్దున వెర్నా పొయ్యి మీద గ్రేవీ కలుపుతుంటే కూతురు ట్రెస్సా కారు వాకిట్లో ఆగింది. వెనక సీటు నిండా అట్టపెట్టెలు. వాటి నిండా ట్రెస్సా పాడిన రెండో ఆల్బమ్ రికార్డులు. పది గంటలకి ఊళ్ళో మ్యూజిక్ షాపులో అభిమానులకి సంతకాలు పెట్టివ్వాలి.

వెర్నా చేతులు గబగబా తుడుచుకుని ఒక రికార్డు లాక్కుంది. అందులో నాలుగు పాటలకి రెండో గొంతు ఆవిడదే. పదిహేడేళ్ళకే పెళ్ళయి, చర్చిలో తప్ప ఎక్కడా పాడని మనిషి నాష్‌విల్ స్టూడియోలో రెండ్రోజులు నిలబడి పాడింది. "అట్ట మీద నీ పేరు వేయిస్తానమ్మా" అని ట్రెస్సా మాటిచ్చింది. ఆ సంగతి వెర్నా చర్చిలో చెప్పని ఆడమనిషి లేదు.

అట్ట వెనక డ్రమ్ములు వాయించినవాడి పేరుంది. కాఫీలు తెచ్చిచ్చిన పిల్ల పేరు కూడా ఉంది. వెర్నా పేరు లేదు. అడుగున మాత్రం "స్వర్గంలో ఉన్న మా అమ్మకి" అని ఉంది.

"ఏమిటే ఇది?"

ట్రెస్సా తల దించుకుంది.

మొదటి ఆల్బమ్‌లో తల్లి చావు మీద ఒక పాట ఉంది. ఉత్తినే అల్లిన పాటే. రేడియోలో ఒకాయన "మీ అమ్మగారు పోయి ఎన్నాళ్ళయింది?" అని జాలిగా అడిగితే, ఈ మహాతల్లి కంగారులో "రెండేళ్ళు" అనేసింది. ఆ ఒక్క ముక్కతో పాట ఊరూరా మోగిపోయింది. మా కెంటకీ కొండల్లో అందరికీ నిజం తెలుసు, నవ్వుకున్నాం. "చచ్చాకే నాకు గిరాకీ వచ్చింది" అని వెర్నా కూడా నవ్వేది. అప్పుడే ఎవరో ఒకరం నాలుగు చీవాట్లు పెట్టాల్సింది.

"రికార్డు కంపెనీవాళ్ళు ఒప్పుకోలేదమ్మా. నువ్వు బతికే ఉన్నావని తెలిస్తే జనం నా మొహాన ఉమ్మేస్తారు."

"అందుకని నన్ను పూడ్చిపెట్టేశావా?"

"పాట కోసం..."

"పాట కోసం కాదే, నీ కోసం! అప్పుడంటే నోరు జారావు, సరే. ఈసారి తీరిగ్గా కూర్చుని, ఆలోచించుకుని మరీ అచ్చేయించావు!"

తండ్రి హోబర్ట్ కాఫీ కప్పు దించి, "పోనీలేవే, పిల్ల పైకొస్తోంది" అని గొణిగాడు.

"నువ్వు నోర్మూసుకో హోబర్ట్! పెళ్ళాం పోయిందిగా, కాస్త ఏడువు."

గ్రేవీ మాడిపోయింది. ఎవరూ ఏమీ తినలేదు. ఇంతలో షాపులో సాయం చేస్తానన్న మనిషి రాలేనని ఫోన్ చేసింది. హోబర్ట్‌కి నడుం నొప్పి. వెర్నా యాప్రాన్ విప్పి కుర్చీలో పడేసింది.

"పద, పెట్టెలు నేను మోస్తాను. చచ్చినదానికి బరువేం తెలుస్తుందిలే."

షాపు ముందు వరస పెట్రోల్ బంకు దాకా ఉంది. అందరూ బయటి ఊళ్ళవాళ్ళే. ఒహాయో నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చిన ఒకావిడ ట్రెస్సా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పోయిన నెల్లోనే వాళ్ళమ్మ పోయిందట.

"నీ పాట వింటూనే ఈ నెల గడిపానమ్మా. నా బాధ నీకొక్కదానికే తెలుసు" అంటూ, పక్కన పెట్టె దించుతున్న వెర్నా వైపు తిరిగింది. "ఈ అమ్మాయి వాళ్ళమ్మగారు మీకు తెలుసా?"

ట్రెస్సా చేతిలో పెన్ను ఆగిపోయింది. తల్లి ఏమంటుందోనని ఆవిడ మొహంలోకే చూసింది.

"తెలుసండీ" అంది వెర్నా నెమ్మదిగా. "బాగా పాడేది. కూతురంటే ప్రాణం పెట్టేది, పాపం."

కూతుర్ని కాపాడటానికి తల్లి తన చావుని తనే ఒప్పేసుకుంది. ట్రెస్సా కుర్చీ తోసుకుని లేచి, "అమ్మా!" అంటూ వెర్నాని వాటేసుకుని భోరుమంది. ఆ కేక వరసలో అందరికీ వినబడింది.

ఒహాయో ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సగం సంతకమే పడిన రికార్డుని బల్ల మీదే వదిలేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు కదిలారు.

"క్షమించమ్మా" అంది ట్రెస్సా వెక్కుతూ.

వెర్నా కూతుర్ని ఒకసారి గట్టిగా హత్తుకుని, వెంటనే ముందుకి తోసింది.

"నన్ను కాదే, పరిగెత్తి ఆవిడని అడుగు. ఆవిడకి నిజంగానే అమ్మ లేదు."