బతికున్న మొహానికే పేమెంట్

పరుగు!

ఊపిరి అందడం లేదు. డొక్కలో పోటు. అయినా ఆగితే చావే.

వెనక రెండు జతల బూట్లు... దగ్గరికొచ్చేస్తున్నాయి.

సందు ఇరుకు. రెండువైపులా దించేసిన షట్టర్లు. కాళ్ళ కింద వాన నీళ్ళు. మెడలో ఐడీ కార్డు గుండెల మీద టపటపా కొట్టుకుంటోంది.

ఇందాక ఏటీఎం పక్కన చూసిందే ఇంకా కళ్ళ ముందు ఆడుతోంది. ఎవరో ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి. ఈ ఇద్దరి ముందు చేతులు రెండూ ఎత్తేశాడు. అడగ్గానే కార్డు ఇచ్చేశాడు. పిన్ నంబర్ చెప్పేశాడు. ఇద్దరిలో ఒకడు లోపలికెళ్ళాడు. నోట్లు జేబులో కుక్కుకుంటూ బయటికొచ్చాడు.

"నంబర్ కరెక్టే బావా!"

అంతే... ఆ బావ అనేవాడు పెద్దమనిషిని కాల్చేశాడు. కార్డుంది. నంబరుంది. ఇక మనిషితో పనేముంది?

పక్క షాపులోంచి అప్పుడే బయటికొచ్చిన స్కానర్ అదంతా చూశాడు.

వాళ్ళూ అతన్ని చూశారు!

అతని పేరు బజార్లో ఎవరికీ తెలీదు. షాపు షాపుకీ తిరిగి ఫోన్‌తో డబ్బు కట్టే స్టిక్కర్లు అంటిస్తాడు. డబ్బు పడగానే గొంతు చించుకుని అరిచే పెట్టెలు బిగిస్తాడు. అందుకే అందరికీ స్కానర్. కోపమొస్తే ఇంట్లో పెళ్ళానికి కూడా స్కానరే.

మలుపు తిరిగాడు.

గోడ!

ఛీ... దారి లేదు!

వెనక నుంచి ఒక చెయ్యి కాలర్ పట్టి గుంజింది. వెల్లకిలా పడ్డాడు. ఛాతీ మీద బూటు. బక్కపల్చటి కుర్రవాడు, ఇందాక బావా అని అరిచిన బావమరిది. చేతిలో చాకు. వాడి వెనక నింపాదిగా నడిచొచ్చాడు బావ. తుపాకీ ఇంకా చేతిలోనే ఉంది.

"ఏం చూశావురా?"

"ఏం చూళ్ళేదు సార్... ఒట్టు!"

"ఏం చూడనివాడివి అంత పరుగెందుకురా?"

బావమరిది అతని జేబులు తడిమాడు. పర్సు విప్పాడు. బస్ పాసు, పెళ్ళాం ఫోటో. ఇంకేం లేదు.

"కార్డేదిరా?"

"కార్డు వాడను సార్."

"బిచ్చగాడు బావా. కానిచ్చెయ్."

తుపాకీ నుదుటికి ఆనింది. చల్లగా ఉంది.

"ఫోన్‌లో ఉంది సార్!" అరిచాడు స్కానర్. "ఉన్నదంతా ఫోన్‌లోనే!"

బావమరిది ఫోన్ లాక్కున్నాడు. పళ్ళికిలించాడు. "మరింకేం? ఇది మన చేతికొచ్చిందిగా. వీడెందుకు?"

"కావాలి సార్! నేను కావాలి!"

పొద్దున లేచిన దగ్గర్నుంచి షాపుల్లో వాగే వాగుడే. అదే ఇప్పుడు నోట్లోంచి ఊడిపడుతోంది.

"కార్డు ఎవరి చేతిలో ఉంటే వాడిదే సార్! కార్డు నంబర్ కూడా దాని మీదే అచ్చేసి ఉంటుంది. ఎవడైనా రాసుకోవచ్చు. ఫోన్ అలా కాదు. షాపువాడికి కూడా నా అకౌంట్ నంబర్ కనపడదు. కొన్న ప్రతిసారీ నా మొహం అడుగుతుంది. నేను చూస్తేనే డబ్బు కదులుతుంది. కార్డు కంటే ఎంతో సేఫ్ సార్!"

"ఎవరికిరా సేఫ్?" అన్నాడు బావ.



"మొహమే కదా బావా," బావమరిది చాకు తిప్పాడు. "తలకాయ కోసి సంచిలో వేసుకెళ్దాం. ఎక్కడ కావాలంటే అక్కడ చూపించొచ్చు."

"కళ్ళు తెరిచి చూడాలి సార్! రెప్పలు కొట్టాలి! చచ్చిన మొహానికి తెరుచుకోదు!"

బావ బావమరిది వైపు విసుగ్గా చూశాడు. "మీ అక్కని చేసుకున్న పాపానికి నిన్ను మోస్తున్నాను. సంచిలో తలకాయ పెట్టుకుని షాపుకెళ్తావా? కాస్త నోరు మూసుకో." మళ్ళీ స్కానర్ వైపు తిరిగాడు. "ఎంతుంది?"

"ఇల్లు కొనుక్కోడానికి దాచుకున్నాం సార్. అడ్వాన్స్ కోసం."

"నాకు పంపించెయ్."

"పంపితే మీ పేరు పడుతుంది సార్. తెల్లారేసరికి దొరికిపోతారు. ఏదైనా కొనండి. అప్పుడు కొన్నది నేనే అవుతాను. కాకపోతే... రోజుకి ఇంతే అని ఒక లిమిట్ ఉంది. మిగతాది రేపు."

బావ నవ్వాడు.

"గట్టివాడివేరా! రేపటిదాకా బతకడానికి దారి వెతుక్కున్నావ్."

తుపాకీ నుదుటి మీంచి కదిలింది.



*

పాత కారు. బావ నడుపుతున్నాడు. వెనక సీట్లో బావమరిది. చాకు మొన స్కానర్ పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది.

స్కానర్ ఒక్క సంగతి దాచాడు.

ఆ అకౌంట్ ఇద్దరిదీ. ఏ షాపులో ఎంత కట్టినా, షాపు పేరుతో సహా అదే క్షణంలో పెళ్ళాం ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది!

"ముందు పెట్రోల్," అన్నాడు బావ.

"వంతెన అవతలి బంకుకి వెళ్దాం సార్. అక్కడ మెషీన్ నేనే పెట్టాను. చప్పున అయిపోతుంది."

వంతెన దాటి రెండు మలుపులు తిరిగితే పోలీస్ స్టేషన్. కొనే షాపులన్నీ అటువైపే ఉండాలి, మెసేజ్‌లు వరసగా పడాలి. ఆమె చూడాలి. తమకి బండి లేదు, స్కూటర్ కూడా లేదు. మొగుడు పెట్రోల్ ఎందుకు కొన్నాడని ఆమెకి అనుమానం రావాలి. ఏదో జరిగిందని తెలియాలి. పోలీసుల దగ్గరికి పరిగెత్తాలి.

బంకు. ట్యాంకు నిండింది. బావమరిది ఫోన్ తెచ్చి స్కానర్ మొహం ముందు పెట్టాడు.

"చూడు."

చూశాడు. రెప్ప కొట్టాడు.

టింగ్!

"డబ్బు అందింది! ధన్యవాదాలు!" బంకులో పెట్టె అరిచింది.

'చూడవే తల్లీ... ఒక్కసారి ఫోన్ చూడు!'

కారు కదిలింది.

*

మొబైల్ షాపు. ఓనరు షట్టర్ సగం దించేశాడు. స్కానర్‌ని చూడగానే మళ్ళీ పైకెత్తాడు.

"స్కానర్ గారా! రండి రండి! ఈ వేళప్పుడు ఏంటి?"

బావ స్కానర్ భుజం మీద చెయ్యి వేశాడు. రెండో చేతి మీద రెయిన్‌కోటు. దాని కింద తుపాకీ.

"నేను వాళ్ళ పెద్దమ్మ కొడుకుని," అన్నాడు బావ హాయిగా. "మా తమ్ముడు ఫోన్లు కొనిపెడతానని మాటిచ్చాడు. మంచివి చూపించండి. నాలుగు."

"నాలుగే!" ఓనరు కళ్ళు పెద్దవి చేశాడు. "అదృష్టవంతులు సార్ మీరు. ఇన్నేళ్ళలో ఈయన మాకు టీ కూడా ఇప్పించలేదు!"

బావ పగలబడి నవ్వాడు. ఓనరూ నవ్వాడు. రెయిన్‌కోటు కింద తుపాకీ గొట్టం స్కానర్ నడుములో దిగబడింది. స్కానర్ కూడా నవ్వాడు.

ఓనరు వైపే కళ్ళార్పకుండా చూశాడు. గుడ్లు రెయిన్‌కోటు వైపు తిప్పాడు. మళ్ళీ ఓనరు వైపు. 'చూడవయ్యా బాబూ... దాని కింద చూడు!'

"కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటండీ? నిద్ర లేదా? కాస్త ఒళ్ళు చూసుకోండి," అన్నాడు ఓనరు డబ్బాలు సర్దుతూ.

ఏడుపొచ్చింది స్కానర్‌కి. దిగమింగుకున్నాడు.

మొహం. రెప్ప. టింగ్!

"డబ్బు అందింది! ధన్యవాదాలు!"

*

మళ్ళీ కార్లోకి.

ఫోన్ మోగింది!

తెర మీద పెళ్ళాం ఫోటో.

"ఎవర్రా?" బావమరిది చాకు బిగించాడు.

"మా ఆవిడ సార్. ఆలస్యమైతే చేస్తూ ఉంటుంది."

"కట్ చెయ్," అన్నాడు బావ.

బావమరిది కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్. ఇంకోసారి... అదీ కట్!

ఆ తర్వాత మోగలేదు.

స్కానర్ ఒళ్ళంతా వేడెక్కింది. చూసింది! మెసేజ్ చూసింది! అనుమానం వచ్చింది! ఈపాటికి పోలీసులకి చెప్పే ఉంటుంది!

ఎదురుగా లైటు... నీలం... ఎరుపు... పోలీస్ జీపు!

వచ్చేసింది! నా బంగారు తల్లి! సాధించింది!

జీపు దగ్గరికొచ్చింది... పక్కకొచ్చింది...

దాటి వెళ్ళిపోయింది.

లోపల డ్రైవర్ ఆవులిస్తున్నాడు.

"ఏంట్రా, నవ్వుతున్నావ్?" అన్నాడు బావ అద్దంలో చూస్తూ.

"ఏం లేదు సార్."

*

బంగారం షాపు. మూసే వేళ. కౌంటర్లో ఒక్క అమ్మాయి మిగిలింది. నగలు పెట్టెల్లోకి సర్దుతోంది.

"గొలుసు. గాజులు. బరువైనవి," అన్నాడు బావ. "మా తమ్ముడు వాళ్ళావిడకి సర్‌ప్రైజ్."

అమ్మాయి మురిసిపోయింది. స్కానర్ వైపు చూసి, "మీ ఆవిడ ఎంత అదృష్టవంతురాలు సార్!" అంది.

తూకం అయింది. బిల్లు వచ్చింది. స్కానర్ ఫోన్‌ని మొహానికెదురుగా పెట్టుకున్నాడు. రెప్ప కొట్టాడు.

టింగ్ రాలేదు.

తెర మీద ఎర్ర గుర్తు.

"మళ్ళీ చూడు తమ్ముడూ," అన్నాడు బావ. గొంతు మెత్తగానే ఉంది.

చూశాడు. గట్టిగా రెప్ప కొట్టాడు.

ఎర్ర గుర్తు! కింద రెండే మాటలు. అకౌంట్ బ్లాక్.

స్కానర్ కౌంటర్ పట్టుకున్నాడు.

"పర్లేదు సార్," అంది అమ్మాయి. "కార్డుంటే ఇవ్వండి. దాంతో గీసేద్దాం."

బావ ఆమెని చూసి నవ్వాడు. "మావాడు కార్డు వాడడమ్మా. సేఫ్ కాదంట."

*

కారు షాపు వెనక చీకట్లోకి వచ్చి ఆగింది. ఇంజన్ ఆగిపోయింది. వైపర్లూ ఆగాయి.

"ఏంట్రా ఇది?"

"నెట్‌వర్క్ సార్... వానకి అప్పుడప్పుడూ..."

"నీళ్ళు నములుతున్నాడు బావా!"

"సార్, లిమిట్ అయిపోయి ఉంటుంది సార్! రేపు పొద్దున్నే..."

ఫోన్ మోగింది!

పెళ్ళాం.

ఈసారి బావ చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. స్పీకర్ నొక్కాడు. తుపాకీ స్కానర్ వైపు తిప్పి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ఒరేయ్ దొంగ సచ్చినోడా!"

కారంతా దద్దరిల్లింది.

"నీ చేతులు పడిపోను! మా ఆయన ఫోన్ కొట్టేసి సరదాలు చేసుకుంటావా? పెట్రోల్ పోయించుకుంటావా? మాకు బండే లేదురా వెధవా! ఆ మెసేజ్ చూడగానే పసిగట్టా! ఫోన్ చేస్తే కట్ చేస్తావా? చూడు నీ పని ఎలా పట్టానో! బ్యాంకుకి ఒక్క ఫోన్ కొట్టా. అకౌంట్ మొత్తం మూసి పారేశారు! కార్డు పోతే కాగితాలు, సంతకాలు, వారం రోజులు తిరుగుళ్ళు. ఇదైతే చిటికెలో పని! మొహం లేకుండా దాన్నెలా తెరిచావో, ఏం మాయ చేశావో నాకు తెలీదు. ఇక మాత్రం ఆయన మొహం పెట్టినా పైసా రాదు! ఆ ఫోన్ నీకు నాలుక గీసుకోడానిక్కూడా పనికిరాదు!"

ఆమె గొంతులో ఆయాసం. ఆ ఆయాసంలో గెలుపు.

ఇల్లు కాపాడింది. పాపం, అలాగే అనుకుంటోంది.

స్కానర్ నోరు తెరిచాడు. అరవాలి. 'నేనిక్కడే ఉన్నానే! వాళ్ళ చేతుల్లో ఉన్నానే!' అని గొంతు పగిలేలా అరవాలి.

అరిస్తే?

వీళ్ళు ఎలాగూ వదలరు. కానీ ఆమెకి తెలిసిపోతుంది. తను బ్యాంకుకి ఫోన్ కొట్టేదాకా మొగుడు బతికే ఉన్నాడని... ఆ ఫోనే చంపిందని. ఆ తర్వాత ఆమె ఎలా బతుకుతుంది? అన్నం ఎలా తింటుంది?

పెళ్ళాం మీద అంత ప్రేమ ఉందని అతనికే ఇన్నాళ్ళూ తెలీదు.

పళ్ళు బిగించాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. కిక్కురుమనలేదు.

"ఆయన పాపం ఫోన్ పోయి, వానలో తడుసుకుంటూ నడిచొస్తూ ఉంటారు," ఆమె గొంతు కాస్త తగ్గింది. "రానీ. తెల్లారగానే ఇద్దరం స్టేషన్‌కొచ్చి నీ సంగతి చెప్తాం. మిగిలిన డబ్బుల్లో పైసా పోనివ్వలేదని ఆయనకి చెప్తే ఎంత పొంగిపోతారో నీకేం తెలుసురా!"

బావ ఫోన్ కట్ చెయ్యబోయాడు.

బావమరిది టక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. ముందు సీటు మీదికి వంగి, ఫోన్ దగ్గర నోరు పెట్టాడు. వాడి మొహం నిండా నవ్వు.

"థాంక్స్ అక్కా!" అన్నాడు. "ఆ మొహం ఇక పనికిరాదని మంచి మాట చెప్పావ్. ఇందాకట్నుంచీ మీ ఆయన్ని కార్లో మోసుకు తిరగలేక చస్తున్నాం!"

అటువైపు నుంచి ఆమె పిలిచింది.

"...ఏవండీ?"

ధాం!