ఓర్లిన్ ఫోన్ మార్చిన ఏడాది

పొద్దున్నే వంటింటి కిటికీలోంచి ఎండ బల్ల మీద పడేసరికి ఓర్లిన్ ట్వేట్ మొహం మాడిపోయింది. అమెరికా ఉత్తరపు కొసన అక్టోబరులో ఎండ కాస్తే చక్కెర దుంపల రైతుకు సంతోషం కాదు. వెచ్చబడ్డ దుంపను గుట్ట పోస్తే కుళ్లుతుంది. అందుకని చలి తిరిగేదాకా ఫ్యాక్టరీవాళ్లు లారీల్లోంచి దుంపల దింపుడు ఆపేస్తారు. రాత్రింబవళ్లు తిరగాల్సిన లారీలు దొడ్లో వరసగా నిలబడతాయి, మగవాళ్లు వంటింట్లో చేరి ఆడవాళ్ల ప్రాణం తీస్తారు.

"ఆపేశారు," అన్నాడు ఓర్లిన్, కొత్త ఫోన్‌ని చెయ్యి బారెడు చాపి పట్టుకుని. "చల్లబడేదాకా ఎవర్నీ రావద్దంటున్నారు."

"ఆకాశం చూసి నేనూ చెబుదును. దానికంత ఖరీదుగల అద్దం ముక్క ఎందుకు?" అంది అతని భార్య మార్లిస్, కాఫీ పోస్తూ. ఆమెకు సెల్‌ఫోన్ లేదు. వంటింటి గోడకు తగిలించిన పాత ఫోనే ఆమెకు ఫోన్.

ఫోన్ తెర ఆరిపోయింది. ఓర్లిన్ బొటనవేలు నొక్కాడు. వెలగలేదు. తుడిచి నొక్కాడు. వెలగలేదు. డెబ్భై దాటిన మనిషి, జీవితమంతా దుంపలతోనూ ఇనుముతోనూ రాసుకున్న వేలు. దాని మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఫోన్ మటుకు, ఎవడివయ్యా నువ్వు అన్నట్టు మొహం నల్లగా పెట్టుకుంది.

"ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా, నీకు వేలిముద్ర పని చెయ్యదని? అంకెలు కొట్టు," అన్నాడు ఎదుట కూర్చున్న కొడుకు డీన్, తన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. "ఐదేళ్ల పిల్లలు చేసుకుంటున్నారు."

"ఐదేళ్ల పిల్లలకి పనేముంటుంది, చేసుకుంటారు."

ఆగస్టు చివర తండ్రి చేత ఫోన్ మార్పించింది డీనే. పాత ఫోన్ ఒక కంపెనీది, కొత్తది వేరే కంపెనీది. డీన్ లాంటివాడు ఊరికొకడుంటాడు. ఏ సామాను కొన్నా దాంతో వచ్చిన కాగితం చదవడు, చదివినవాణ్ణి చూసి నవ్వుతాడు. ఆ రోజు సోఫాలో కాళ్లు చాపుకుని పావుగంటలో అంతా ముగించాడు. పేర్లూ నంబర్లూ పాత సందేశాలూ ఎక్కించాడు, ఫోటోలు ఎక్కించాడు, అక్షరాలు పెద్దవి చేశాడు, అనవసరపు కూతలన్నీ ఆపాడు. పాత ఫోన్‌ని శుభ్రంగా తుడిచేసి ఆ సాయంత్రమే ఎవరికో అమ్మేశాడు కూడా. "కొత్త ఫోన్‌కి మారడమంటే ఇంతే. జనం ఊరికే కంగారుపడతారు," అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం. నాలుగో కాలు ఎక్కడ పోయిందో అడిగేవాళ్లు ఆ ఇంట్లో అప్పటికి లేరు.

అడగగలిగింది ఒక్క రెనే. ఓర్లిన్ కూతురు. గంట దూరంలోని ఫార్గో పట్నంలో ఒక ఆఫీసులో పని. ఊహ తెలిసినప్పట్నుంచీ లారీల చుట్టూ తిరిగిన పిల్ల, పదహారేళ్లకే దుంపల తవ్వకంలో రాత్రి లారీ నడిపింది. ఈస్టర్ భోజనాల దగ్గర, ఉద్యోగం మానేసి వచ్చి పొలం చేస్తానంది. ఓర్లిన్ మాంసం కోస్తున్నవాడు కత్తి కూడా ఆపకుండా, "పొలం డీన్‌ది. నీకు కుర్చీ ఉద్యోగం ఉంది, కూర్చో," అన్నాడు. రెనే లేచి కారెక్కింది.

అయినా ఇద్దరి మధ్య ఒక దారం మిగిలింది. రోజూ పొద్దున్నే రెనే తండ్రికి ఫోన్‌లో ఒక ముక్క సందేశం పంపేది: ఇక్కడ చినుకులు. ఓర్లిన్ జవాబిచ్చేవాడు: ఇక్కడ గాలి. అంతే. వాళ్లకు తెలిసిన ప్రేమ అంతే, వాళ్ల తాతలు నార్వే నుంచి మూట కట్టుకొచ్చిందీ అంతే. కొత్త ఫోన్ వచ్చిన మర్నాటి నుంచి ఆ ముక్క ఆగిపోయింది. ఓర్లిన్ ఒక వారం చూశాడు. తనే ముందు పంపవచ్చు. పంపలేదు. ముందు పంపేది కూతురు, జవాబిచ్చేది తండ్రి. ఆ వరస మారిస్తే తండ్రితనం ఏమైపోతుంది?

"కూతురి సంగతేమైనా తెలిసిందా?" అంది మార్లిస్ ఆ పొద్దున.

"ఏం తెలుస్తుంది? ఆవిడగారికి మనం గుర్తుంటే కదా. దుంపల వాసన పోయింది ఒంటి నుంచి."

"నేను కార్డు రాస్తే, చెప్పాల్సిందంతా నాన్నకే చెప్పాను, ఆయన్నడుగు అని రాసింది."

"ఈస్టర్ నాడు చెప్పిందిగా. ఇంకా ఏం చెప్పాలి?"

"ఫోన్ చేసి మాట్లాడరాదూ?"

ఓర్లిన్ భార్య వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆ చుట్టుపక్కల ఫోన్ మోగిందంటే ఎవరో పోయారనో, వడగళ్లు పడ్డాయనో అర్థం. పలకరింపుకు ఫోన్ చేయడం తాగినవాళ్ల పని. మార్లిస్ మాత్రం ఏం తక్కువ తిన్నది? గోడ ఫోన్ చేతికందేంత దూరంలోనే ఉంది. మొగుడి మాట దాటి కూతురికి చేస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఆరు వారాలుగా దాని మీద దుమ్ము తుడుస్తోంది.

"కూతురనే ఏముంది?" అన్నాడు ఓర్లిన్. "వెర్డెల్ కూడా మాట మానేశాడు. చిన్నప్పట్నుంచి స్నేహితుడు. పొద్దున్నే కాఫీకి ఎప్పుడు చేరుతున్నారో కబురు పెట్టేవాడు, ఇప్పుడదీ లేదు. నిన్న దారిలో కనబడి, నీకు మా కాఫీ ఇప్పుడు ఎందుకు నచ్చుతుందిలే, కొత్త ఫోన్ కొన్న మారాజువి అన్నాడు. మనుషులకి కళ్లు నెత్తికెక్కాయి."

"అందరికీ ఒకేసారి ఎక్కాయా?" అంది మార్లిస్.

మంచి ప్రశ్న. తండ్రీ కొడుకుల్లో ఎవరికీ అది ప్రశ్నలా తోచలేదు. డీన్ ఇంకో రొట్టె అందుకున్నాడు.

మధ్యాహ్నం దొడ్లోకి కారు వచ్చింది. రెనే దిగింది. చేతిలో మడతపెట్టిన ఖాళీ అట్టపెట్టెలు.

"భోజనం చేశావా?" అంది మార్లిస్ గుమ్మంలోనే.

"తిన్నానమ్మా. మేడమీద నా సామాన్లు తీసుకుపోదామని వచ్చా. ఆఫీసువాళ్లు డెన్వర్ పంపిస్తున్నారు. సోమవారం సంతకం పెడుతున్నా."

డెన్వర్ అంటే పొద్దున బయల్దేరితే రాత్రికి చేరే దూరం. అంత దూరం వెళ్లి దుంపల తవ్వకానికి తిరిగొచ్చినవాళ్లు ఎవరూ లేరు. మార్లిస్ చేతిలోని తువ్వాలు మడత పడుతూ విడిపోతూ ఉండిపోయింది.

"వెళ్లనీ," అన్నాడు ఓర్లిన్ కుర్చీలోంచి. "పంపించే ముక్క మానేసినప్పుడే వెళ్లిపోయింది. ఇప్పుడు పెట్టెలు వెళ్తున్నాయి, అంతేగా."

మెట్ల దాకా వెళ్లిన రెనే వెనక్కి తిరిగింది.

"నేను మానేశానా?"

"కాక నేనా?"

"అబ్బో! నాన్నా, పొలం ఇవ్వనన్నావు, సరే. కుర్చీలో కూర్చోమన్నావు, కూర్చున్నా. అడిగినదానికి లేదు, పో అని ఒక్క ముక్క చెప్పడానికి కూడా నేను పనికిరాలేదు చూడు, అదీ నాకు కాలింది. కుక్క మొరిగితే కసురుకుంటారు. నాకు అదీ లేదు."

"ఏం అడిగావే నువ్వు? ఎప్పుడు అడిగావు?"

"ఓహో. ఇప్పుడు అడగనే లేదా?"

"రెనే, నాటకాలు ఇక్కడ వద్దు," అన్నాడు డీన్. "నాన్న ఫోన్ నేను రోజూ చూస్తూనే ఉన్నా. నీ దగ్గర్నుంచి చీమ కూడా రాలేదు."

రెనే జేబులోంచి ఫోన్ తీసి తండ్రి కాఫీ కప్పు పక్కన టక్కున పెట్టింది. "చదువు. పైకి చదువు. అమ్మ కూడా వింటుంది."

ఓర్లిన్ కళ్లద్దాలు సరిచేసుకున్నాడు. చదవబోయి గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా, ఇక్కడ ఎండ." తర్వాతిది, "నాన్నా, ఈసారి తవ్వకానికి లారీ నడపడానికి వస్తాను. నువ్వు సరే అంటే ఇక్కడ మానేస్తాను." ఇంకా కిందికి జరిపాడు. "ఈస్టర్ నాడు పళ్లెం వదిలేసి లేచి వచ్చేయడం నాదే తప్పు. పొలం ఊసు ఎత్తను. లారీ చాలు." చివరిదాన్ని అతను పైకి చదవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"చదువు, ఓర్లిన్," అంది మార్లిస్.

"వద్దంటే వద్దని చెప్పు నాన్నా. ఊరికే ఉండకు," అని చదివాడు ఓర్లిన్.

ఓర్లిన్ తన ఫోన్ తీసి, అంకెలు కొట్టి, కూతురి పేరు తెరిచి ఆమె ముందుకు తోశాడు. ఆగస్టు దగ్గర ఒక గాలి, ఒక చినుకు. ఆ కింద తెల్లటి బయలు.

రెనే రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె మొహంలో కోపం సడలి, దాని చోట ఇంకొకటి వచ్చింది. "నేను పంపినవి చేరినట్టు ఫోన్ చూపించట్లేదు. నన్ను బ్లాక్ చేశావనుకున్నా," అంది నెమ్మదిగా. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "డీన్, పాత ఫోన్ తుడిచే ముందు ఆ కంపెనీ సందేశాల సేవలోంచి నాన్న నంబరు తీసేశావా?"

"తీసేయడమేంటి? నంబరు అదేగా."

"నంబరు అదే రా, మేధావీ. ఆ కంపెనీ లెక్కలో నాన్న ఇంకా పాత ఫోన్‌లోనే ఉన్నాడు. నాలా ఆ కంపెనీ ఫోన్లున్నవాళ్లం ఏం పంపినా అటే పోతుంది. ఆ ఫోన్ లేదు. కాబట్టి ఎటూ పోదు. ఫోన్ మార్చేటప్పుడు అన్నిటికంటే ముందు చేసే పని అది. చేయడం మర్చిపోయినా, మార్చాక మనవాళ్లు నలుగురికి హలో పంపి, తిరిగి పంపమని అడిగితే అప్పుడే బయటపడేది."

"అంటే వెర్డెల్..." అన్నాడు ఓర్లిన్.

"వెర్డెల్ అంకుల్‌ది నాలాంటి ఫోనే. పాపం ఆయన రోజూ కాఫీకి పిలుస్తూనే ఉండి ఉంటాడు."

డీన్ ఏదో అనబోయాడు. "ఇలాంటివి ఎవరికి తెలుస్తాయి..."

"నీకు తెలియదని నీకు తెలిస్తే చాలురా," అంది మార్లిస్. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా వినపడడం అరుదు. "పావుగంటలో అయిపోయిందన్నావు. అయిపోయింది మరి, మీ అక్క ఈ ఇంటికి కాకుండా పోవడం."

డీన్ తల దించుకున్నాడు. రెనే కంపెనీవాళ్ల పేజీ తెరిచి తండ్రి నంబరు కొట్టింది. ఓర్లిన్ ఫోన్‌కు కొన్ని అంకెలు వచ్చాయి. అవి తిరిగి అందులో వేసింది. "అయింది. పోయినవి ఇక రావు. ఇకమీదవి వస్తాయి."

ఇంతటితో అందరూ యంత్రాన్ని తిట్టి చేతులు దులుపుకోవచ్చు. చాలా ఇళ్లలో అదే చేస్తారు. యంత్రం తప్పు చేసింది, ఒప్పుకుందాం. నోళ్లకేమైంది? నడిమధ్య ఒక గంట ప్రయాణం, రెండు కార్లు, గోడకొక ఫోన్. ఆరు వారాల పాటు ఒకరి పొగరును ఒకరు కొలుచుకుంటూ కూర్చున్నవాళ్లు మనుషులే గాని ఫోన్లు కావు.

ఆ సంగతి ఓర్లిన్‌కు ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంకా కూతురి ఫోన్‌నే పట్టుకుని ఉన్నాడు, చివరి ముక్క దగ్గర.

రెనే అట్టపెట్టెలు అందుకుంది. "సరే. నీకు చేరలేదని తెలిసింది, అంతవరకూ నయం. నేను సామాన్లు..."

"సోమవారం సంతకం పెట్టకు," అన్నాడు ఓర్లిన్.

ఆమె ఆగింది.

"లారీకి మనిషి కావాలి. ఇప్పుడున్నవాడు పొద్దున లేవడు."

"లారీకా?" అంది మార్లిస్, మొగుడి ఎదురుగా వచ్చి నిలబడి. "సరిగ్గా చెప్పు, ఓర్లిన్. మాట మళ్లీ ఎటో పోతుంది."

ఓర్లిన్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "నాకు కావాలి," అన్నాడు. "పొద్దున్నే ఆ చినుకుల ముక్క రాకపోతే కాఫీ దిగట్లేదు నాకు. నేనే ఫోన్ చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. నువ్వు అడగాలని కూర్చున్నా. నువ్వేమో అడిగి కూర్చున్నావు." డీన్ వంక ఓ చూపు చూసి, "పొలం సంగతి చలికాలంలో ముగ్గురం కూర్చుని మాట్లాడదాం. మూడో కుర్చీ నీదే," అన్నాడు.

రెనే పెట్టెలు కింద పెట్టి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. మార్లిస్ ఆమె తల తన భుజానికి లాక్కుని, "ఏడువు, ఏడువు, ఈ కొంపలో ఎవరో ఒకరు మొదలుపెట్టాలి," అంటూ తనూ ఏడ్చింది. డీన్ లేచి, తను తిన్న పళ్లెం తీసుకెళ్లి తనే కడిగాడు. ఆ పళ్లేనికి అంతటి గౌరవం దక్కడం అదే మొదటిసారి.

పొద్దు వాలేవేళకు ఉత్తరపు గాలి తిరిగింది, దింపుడు మొదలైంది. రెనే తల్లి పాత కోటు తొడుక్కుని లారీ ఎక్కింది. ఓర్లిన్ లారీ ముందువైపు నుంచి తిరిగి వచ్చి, ఆ బండి కొన్ననాటి నుంచి ఎన్నడూ కూర్చోని పక్క సీట్లో కూర్చున్నాడు.

"గేరు పడటం లేదు, క్లచ్ పూర్తిగా తొక్కు," అన్నాడు.

"ఆ సీటులోంచి సలహాలివ్వకు నాన్నా. అక్కడ కూర్చున్నవాళ్ల పని తలుపు తెరుచుకోకుండా పట్టుకోవడం."

ఓర్లిన్ తడి కళ్లు అరచేత్తో తుడుచుకుని తలుపు పట్టుకున్నాడు.