అద్దం దించకు, చల్లదనం పోతుంది

హనుమాన్ జంక్షన్లో కారు ఏసీ పాడైందంటే ఎవరైనా చెప్పే పేరు ఒకటే, సువర్ణరాజు. చేయి తిరిగిన మెకానిక్కు. లారీ క్యాబిన్లో ఏసీ పెట్టమన్నా పెడతాడు, ట్రాక్టర్‌కి పెట్టమన్నా ఎలాగా అని ఆలోచిస్తాడే గానీ కుదరదని మాత్రం అనడు. కాకపోతే నోరు కాస్త ఎక్కువ. "నేను పెట్టిన ఏసీలో కూర్చుంటే రోహిణీకార్తెలో కూడా స్వెట్టరు అడుగుతారండీ" అని ఊరంతా చెప్పుకుంటాడు. పని తెలిసినవాడికి ఆ మాత్రం గర్వం ఉంటే తప్పేం లేదు. తప్పల్లా పని తెలుసు కదా అని మాట వినకపోవడంలో ఉంది.

ఏప్రిల్లో ఆయన షెడ్డుకి ఒక తాబేలు కారు వచ్చింది. పాతకాలం జర్మనీ బండి, గుండ్రటి వీపు, రెండే తలుపులు. నూజివీడు దాటి మైలవరం వైపు వెళ్ళే దారిలో పెద్ద మామిడితోట ఉన్న శ్యామ్ సుందర్ గారిది. వాళ్ళ నాన్న హయాంలో కొన్నదట. ముప్పై ఏళ్ళుగా తోటలో రేకుల షెడ్డు కింద దుమ్ము కొట్టుకుని ఉంది. జూన్లో కూతురు పెళ్ళి. పెళ్ళికూతుర్ని ఆ కారులోనే తీసుకెళ్ళాలని ఆయన సరదా. ఇంజను వేరేచోట బాగుచేయించి, ఏసీ కోసం సువర్ణరాజుకి పంపించారు.

ఈ కార్ల సంగతి ఒక్క ముక్క చెప్పాలి. వీటికి రేడియేటరు ఉండదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఇంజను వెనక ఉంటుంది, ఫ్యాను గాలికే చల్లబడుతుంది. చలిదేశం బండి కాబట్టి ఏసీ లేదు గానీ హీటరు మాత్రం ఉంటుంది. ఇంజను పొగగొట్టం చుట్టూ ఒక డబ్బా బిగిస్తారు. ఆ డబ్బాలో గాలి వేడెక్కి, తలుపుల కింద ఉండే రేకు గొట్టాల్లోంచి కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గరికి వస్తుంది. లోపల పొగగొట్టానికి చిల్లు పడిందా, వేడితోపాటు పొగా వస్తుంది. అందులో ఉండే విషానికి వాసన కూడా ఉండదు. నిద్ర ముంచుకొస్తుంది, అంతే.

"ఆ హీటరు మాత్రం మొదలంటా పీకెయ్ రాజూ. గొట్టం ముక్క కూడా మిగలకూడదు" అన్నారు శ్యామ్ సుందర్ గారు ఫోన్లో.

"దాని దారిన అది ఉంటుంది కదండీ. మనకి దాంతో పనేముంది?"

"పీకెయ్యమన్నాను కదా."

సరేనన్నాడు సువర్ణరాజు. తీరా పనిలో దిగాక ఆయన బుర్రలో అతితెలివి మెరిసింది. వెనక సీటుకి చల్లగాలి వెళ్ళాలంటే నేలంతా కొయ్యాలి, కొత్త గొట్టాలు వెయ్యాలి. పాత హీటరు గొట్టాలు ఎలాగూ అక్కడికే వెళ్తున్నాయి కదా! ఇంజను వైపు రెండు గొట్టాలూ కోసి, రేకు మూతలు పెట్టి, రివిట్లు కొట్టి, పైన లప్పం దట్టంగా పూశాడు. ముందునుంచి ఏసీ గాలి వాటిలోకి మళ్ళించాడు. వేడి నడిచిన దారిలో చల్లదనం నడిచింది. మురిసిపోయాడు. "పీకేశావా?" అని శ్యామ్ సుందర్ గారు అడిగితే "శుభ్రంగా పీకేశానండీ" అన్నాడు.

మే మూడోవారం, మిట్టమధ్యాహ్నం కారు తోటకి అప్పజెప్పడానికి బయల్దేరాడు. కూతురు షాలోమి కూడా ఎక్కింది. పెళ్ళైన పదకొండేళ్ళకి, ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేస్తేనో పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. డిగ్రీ రెండో ఏడు. నూజివీడు కాలేజీలో ఏదో సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

"తిరిగొచ్చేటప్పుడు బస్సులో కాలేజీ దగ్గర దిగుదువు గానీ, ఇప్పుడు వెనక సీట్లో కూర్చో తల్లీ. ఇదిగో థర్మామీటరు. గాలొచ్చే చోట పట్టుకుని ఎంతుందో చెబుతూ ఉండు" అన్నాడు.

"నాకు జీతం ఎంతిస్తావు డాడీ?"

"రెండు రసాలు కొనిపెడతా. ఎక్కు."

ముందు సీటు వంచితే షాలోమి దూరి వెనక కూర్చుంది. సీటు మళ్ళీ వెనక్కి వేశాడు. ఆ కారులో వెనకవాళ్ళకి తలుపు లేదు, అద్దం దిగదు. ముందున్నవాళ్ళు దిగి సీటు వంచితేనే బయటికి రావాలి.

రోడ్డు మీద పురుగు లేదు. వడగాలికి కుక్కలు కూడా కల్వర్టుల కింద దూరాయి. రెండు పక్కలా తోటలు, ఆకు కదలడంలేదు.

"పదిహేను" అంది షాలోమి.

"చూశావా! మీ డాడీ అంటే ఏమనుకున్నావు?"

"పదహారు... అబ్బా, చాలు డాడీ, గొప్పలు."

నూజివీడు దాటారు. బజారు చివర మామిడి లారీలు, ప్లాస్టిక్ ట్రేలు, కాయ సొన వాసన. అవి వెనక్కి పోయాక మళ్ళీ ఖాళీ రోడ్డు.

"ఇరవై రెండు డాడీ."

"ఎండకి రేకు కాలుతోంది. సర్దుకుంటుంది."

"ఇరవై తొమ్మిది. కాళ్ళ దగ్గర వెచ్చగా వస్తోంది."

సువర్ణరాజు ముందు గాలి మీద చెయ్యి పెట్టి చూశాడు. మంచులా ఉంది. వెనక్కి వెళ్ళేదీ ఇదే గాలి. మరి వెచ్చగా ఎందుకొస్తుంది?

"నీ వైపు అద్దం కొంచెం దించవా?"

"దించకూడదు తల్లీ, చల్లదనం పోతుంది. పావుగంట ఓర్చుకో, వచ్చేశాం."

ఆ మాటని ఆ తర్వాత ఎన్నిసార్లు తల్చుకుని గుండె బాదుకున్నాడో ఆ ప్రభువుకే తెలియాలి.

ముందు వాసన వచ్చింది. ముగ్గిన రసాల వాసన, దానికింద ఎండుగడ్డి వాసన. ఈ ప్రాంతంలో మే నెలలో ఆ వాసన రాని చోటేది? పట్టించుకోలేదు. ఆ తర్వాత చప్పుడు. గరగర... గరగర... గడ్డిలో ఎవరో చెయ్యి పెట్టి మెల్లగా ఏదో కదుపుతున్నట్టు.

"సంచీలో ఏం వెతుకుతున్నావే?"

చప్పుడు అలాగే సాగుతోంది.

"షాలోమీ, ఎంతుంది?"

"నలభై... ఆరు." గొంతు ముద్దగా ఉంది. "డాడీ... ఈమె ఎవరు?"

"ఎవరే?"

"నా పక్కన... కాయలు తిప్పుతోంది."

సువర్ణరాజు వెనక కనిపించే అద్దంలోకి చూశాడు. షాలోమి ఒక్కతే ఉంది. తల కిటికీకి ఆనించుకుంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. కుడిచెయ్యి మాత్రం కదులుతోంది. ఖాళీ సీటు మీద, ఏదో గుండ్రటిది ఉన్నట్టు, బొటనవేలితో మెత్తగా నొక్కి చూసి, తిప్పి, పక్కకి పెట్టి... మళ్ళీ ఇంకొకటి.

బ్రేకు మీద నిలబడ్డాడు. కారు ఆగింది. ఇంజను ఆపేశాడు.

గాలి ఆగలేదు.

కాళ్ళ దగ్గర వెచ్చగా, ఇంకా వెచ్చగా... పాకుతోంది. తలుపు పిడి లాగాడు. రాలేదు. అద్దం దించే పిడి తిప్పాడు. ఊరికే తిరుగుతోంది. తన కళ్ళు కూడా బరువెక్కుతున్నాయి. ఒక్క నిమిషం అలా తల వాల్చుకుంటే ఎంత హాయి... అనిపించింది. ఆ హాయికే ఒళ్ళు జలదరించింది.

"షాలోమీ! లేవవే! తల్లీ!"

చెవి పక్కనే, వెనక సీట్లోంచి ముందుకి వంగి చెప్పినట్టు, ఎవరో ఆడమనిషి. ఎంతో వినయంగా.

"తలుపు తియ్యకండి బాబూ... వెచ్చదనం పోతుంది."

"ప్రభువా!" అని అరిచాడు. చేతికందింది స్టీలు నీళ్ళసీసా. అద్దాన్ని కొట్టాడు. ఒకటి. రెండు. చెయ్యి తేలిపోతోంది. మూడో దెబ్బకి అద్దం భళ్ళుమంది. నిప్పులాంటి వడగాలి మొహం మీద కొట్టింది. జన్మలో ఎండని అంతగా ప్రేమించలేదు ఆయన.

తోట గేటు అక్కడికి ఇరవై గజాలు. కాపలా ఉండే ముసలాయన చిన్నరాయప్ప, కాయ కోసేవాళ్ళూ కేకలు విని పరిగెత్తుకొచ్చారు. అద్దంలోంచి సువర్ణరాజుని లాగారు. బయటినుంచి ఎవరో పిడి నొక్కితే తలుపు మామూలుగా తెరుచుకుంది. సీటు వంచి షాలోమిని ఎత్తుకొచ్చి చెట్టు కింద పడుకోబెట్టారు. పిల్ల ఊపిరి తీస్తోంది. బుగ్గలూ పెదాలూ దోరపండులా ఎర్రగా ఉన్నాయి.

ఆ ఎరుపు చూసి చిన్నరాయప్ప అక్కడే కూలబడ్డాడు. "అదే రంగు... అదే రంగండీ" అన్నాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కారు పొగ పీల్చినట్టుంది, ఇంకో ఐదు నిమిషాలైతే దక్కేది కాదన్నారు. రెండో రోజుకి కళ్ళు తెరిచింది. ఆసుపత్రి బయట అరుగు మీద కూర్చుని చిన్నరాయప్ప చెప్పాడు.

"మా పాత అయ్యగారికి తొలి కాయ మార్కెట్లో తనదే ఉండాలని పంతం. ఫిబ్రవరిలో కాయ ముగ్గదు కదండీ, రాత్రిళ్ళు చలి. అందుకని ఈ కారులో గడ్డి పరిచి, కాయ పేర్చి, హీటరు పెట్టి ఇంజను ఆన్ చేసి ఉంచేవారు. అద్దాల సందుల్లో కూడా గడ్డి కూరేవాళ్ళం. కృష్ణవేణి అని, మా తోటలో పనిచేసేదండి. చేత్తో ముట్టుకుంటే చాలు, ఏ కాయ ఎప్పుడు ముగ్గుతుందో చెప్పేసేది. ఆమెని వెనక కూర్చోబెట్టి కాయలు తిప్పమన్నారు. తలుపు తియ్యకు, వెచ్చదనం పోతుందన్నారు. చెప్పినమాట జవదాటే మనిషి కాదండి అది. తెల్లారి చూస్తే... మొహం అదే ఎరుపు, ఊపిరి లేదు. చేతిలో కాయ చేతిలోనే ఉంది. ఒక్క కాయ కుళ్ళలేదు. అన్నీ బంగారంలా ముగ్గాయి."

"మరి హీటరు పీకెయ్యమని..."

"ఆ గొట్టాల్లోనే ఉంటదని పాత అయ్యగారి భార్య అనేవారు. నువ్వు పీకేశానన్నావంట కదా బాబూ."



కారుని షెడ్డుకి తెప్పించి, సువర్ణరాజు తనే విప్పాడు. రేకు మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్క రివిట్టు ఊడలేదు. లప్పం మీద గీత పడలేదు. పొగ వచ్చే దారే లేదు. గొట్టాలు రెండూ కోసి, హీటరు డబ్బాతో సహా ముక్కలు చేసి ఇనప సామాన్లవాడికి ఇచ్చేశాడు. కోసిన గొట్టం లోపల చూశాడు కూడా. ఖాళీ. అంతా శుభ్రంగా ఉంది. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

షాలోమి ఇంటికొచ్చింది. తింటోంది, నవ్వుతోంది. జరిగింది ఏమీ గుర్తులేదంది. తల్లి లేయా చర్చిలో దేవుడు పిల్లని కాపాడాడని సాక్ష్యం చెప్పి, వీధిలో అందరికీ కేకులు పంచింది. ఒక్కటే తేడా. ఎండలు మండిపోతుంటే పిల్ల దుప్పటి కప్పుకుంటోంది.

"నీరసం అయ్యుంటుందిలెండి" అంది లేయా.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. షాలోమి పడుకున్న గది తలుపు మూసి ఉంది. ఉడికిపోతుందేమోనని సువర్ణరాజు మెల్లగా లోపలికెళ్ళాడు. గది పొయ్యిలా ఉంది. మంచం కింద, రెండు రోజుల కిందట పక్కింటివాళ్ళిచ్చిన పచ్చికాయల బుట్ట. వంగి చూశాడు. కాయలన్నీ పసుప్పచ్చగా ముగ్గి ఉన్నాయి. తొడిమలన్నీ కిందికి తిప్పి, వరసగా పేర్చి ఉన్నాయి.

దుప్పటి కిందనుంచి షాలోమి చెయ్యి మంచం అంచున వేలాడుతోంది. నిద్రలోనే, బొటనవేలు మెల్లగా గాలిని నొక్కుతోంది.

కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రెక్క లాగితే రాలేదు. సందులోకి వేలు పెట్టాడు. గరుకుగా ఏదో తగిలింది. లాగాడు. ఎండుగడ్డి. హనుమాన్ జంక్షన్ నడిబొడ్డున, మేడ మీద ఇల్లు, గొడ్డూ లేదు, గోదా లేదు. రెక్క చుట్టూ, పై నుంచి కిందదాకా, లోపలి వైపునుంచి ఎవరో ఓపిగ్గా కూరిన గడ్డి.

గుప్పెడు పీకాడు. ఇంకో గుప్పెడు.

"వద్దు డాడీ."

షాలోమి గొంతే. కళ్ళు మూసుకునే ఉంది.

"నువ్వే కదా దించొద్దన్నావు..."

సువర్ణరాజు చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. అది ఇంకా వెచ్చగా ఉంది.