ఇంకో పావు తిప్పు

బానెట్ సందుల్లోంచి పొగ తన్నుకొస్తుండగా వానలో సరోజమ్మ టాక్సీ కళ్యాణి మెకానిక్ షెడ్డు ముందు ఆగింది.

"నిన్ననే బాగుసేసినావు కదే! ఇదేటి, ఆయిలు కారి కాలిపోతంది?" డ్రైవరు పక్కసీటులోంచి దిగుతూనే సరోజమ్మ గొడుగు నేలకేసి కొట్టింది. "నా నాలుగు బళ్లూ రిపేరుకి నీకే ఇద్దామనుకున్నాను. ఇంక ట్రాఫిక్ పేటలో మరో మెకానిక్‌ని సూసుకుంటాను."

ఖరిదా బజారంతా వినపడే గొంతు. షెడ్డు పెట్టి మూడు నెలలే. ఆ నాలుగు బళ్లూ పోతే షట్టరు దించుకోవడమే. కళ్యాణి మొహం పాలిపోయింది.

అంతకంటే పాలిపోయిన మొహం ఇంకొకటుంది అక్కడ. స్టూలు మీద కూర్చున్న బుజ్జిబాబుది. రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరు. బైకు రిపేరని రోజూ ఇక్కడే ప్రత్యక్షం.

కళ్యాణి గుడ్డ అడ్డం పెట్టుకుని ఇంజన్ మీది వాల్వ్ కవర్ విప్పింది.

"సూడండమ్మా, ఆయిలు కారకుండా ఏసిన కొత్త గాస్కెట్ పచ్చడైపోనాది. బోల్టుల కింద రబ్బరు వాషర్లు సీలిపోనాయి. నానింతలా బిగించలేదు. ఎవలో ఏనుగు బిగించినట్టున్నాది!"

"అందరూ అనే మాటే అది," సరోజమ్మ పెదవి విరిచింది.

బుజ్జిబాబు స్టూలు మీంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. నిన్న కళ్యాణి చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆ బోల్టులు ముట్టుకున్నాడు. రైలింజన్లు బిగించే చేతికి వదులుగా తోచాయి. పాపం మరిచిపోయిందేమోనని ఎనిమిదింటినీ ఇంకో పావు తిప్పు బిగించాడు. చెప్పకుండా.

ఇప్పుడు చెబితే ఈ పిల్ల జన్మలో మొహం చూడదు. చెప్పకపోతే షెడ్డే మిగలదు.

"ఆ ఏనుగుని నానే!" లేచి నిలబడ్డాడు. "కళ్యాణి తప్పేటీ లేదండి. నిన్న నానే బిగించినాను."



"నువ్వా?" కళ్యాణి కళ్లు ఎర్రబడ్డాయి. "నా పని మీద సెయ్యెట్టడానికి నువ్వెవలివి? ఇది రైలింజనా? మెత్తగా కూర్చోవాల, నలిగిపోకూడదు! నడు, గోల్‌బజార్ పోయి కొత్త గాస్కెట్టూ, వాషర్లతో బోల్టులూ పట్రా. ఇంజన్ సల్లారేలోగా రావాల!"

వానలో బైకు దూసుకుపోయింది. తిరిగొచ్చేసరికి అతను నిలువునా తడిసి ఉన్నాడు. చొక్కా కింద దాచిన ప్యాకెట్ మాత్రం పొడిగా ఉంది. కళ్యాణి అది చూసింది.

పాత జిగురు గీకి, తుడిచి, గాస్కెట్ కూర్చోబెట్టింది. బిగింపు సరిపోగానే టిక్కుమనే టార్క్ రెంచ్ అతని చేతిలో పెట్టింది.

"మజ్జినుంచి మొదలెట్టి బయటికి. 'టిక్' అనగానే ఆపాల."

టిక్.

"ఇంకొంచెం..."

"సెయ్యి తియ్!"

చేతి మీద చిన్న దెబ్బ పడింది. తర్వాత ఏడూ అతను బుద్ధిగా బిగించాడు.

అరగంట ఇంజన్ నడిచింది. పొగ లేదు. సరోజమ్మ కవర్ అంచు చుట్టూ తెల్ల రుమాలు తిప్పింది. మచ్చ లేదు.

"నాలుగు బళ్లూ నీకేనే. నోరు జారినాను, మనసులో ఎట్టుకోకు," అని బుజ్జిబాబు వైపు తిరిగింది. "నీ బండి కాదు, నీ షెడ్డు కాదు. నీకెందుకురా అంత తాపత్రయం?"

"ఈ షెడ్డు నిలబడాలండి," తల వంచుకున్నాడు. "కళ్యాణి అంటే నాకిష్టం. నా బైకుకి ఏ రోగమూ లేదు."

"తెలుసు," అంది కళ్యాణి. "బ్రేకు వైరు నువ్వే వదులు సేసుకొస్తన్నావని మొదటివారమే తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే రావడం మానేస్తావని."

సరోజమ్మ పకపకా నవ్వింది. కళ్యాణి నవ్వలేదు. గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అతని కళ్లలోకి చూసింది.

"మా నాన్న ఐదింటికి రైల్వే వర్క్‌షాప్ నుంచి ఈ దారినే వస్తాడు. ఇందాక తప్పొప్పుకున్నావు సూడు, అంత గట్టిగానూ ఈ ఇష్టం మాట సెప్పాల ఆయనకి."

ఐదవడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. బుజ్జిబాబు తడిచొక్కా పిండుకుని, జుట్టు దువ్వుకుని, స్టూలు మీద కూర్చోకుండా గుమ్మంలో నిలబడ్డాడు.