హెమ్మత్ రోడ్డు మీద వేడెక్కిన బండి

గురువారం సాయంత్రమైతే, మర్నాడు శుక్రవారం సెలవని, టెహరాన్ ఊరు ఊరంతా ఒకేసారి ఇంటికి బయల్దేరుతుంది. హెమ్మత్ రహదారి మీద కార్లు నత్తనడక కూడా మానేసి నిలబడిపోయాయి. వాటి సందుల్లో కామ్యార్ కిరాయి మోటార్ సైకిల్ ఆగుతూ, మూలుగుతూ, మళ్ళీ కదులుతోంది.

వెనక సీట్లో షీదా. ఇద్దరికీ మధ్య ఆమె హ్యాండ్‌బ్యాగు. కళ్ళద్దాల షాపులో పనిచేసే షీదాను ఏడాదిగా రోజూ ఇంటి దగ్గర దింపుతున్నది అతనే.

ఆ రోజు ఆమెను చూడ్డానికి పెళ్ళివారు వస్తున్నారు. వనక్ కూడలిలో బండెక్కుతూ ఆ సంగతి చెప్పింది.

"మంచిదండీ, శుభం" అన్నాడు కామ్యార్.

షీదాకు ఒళ్ళు మండింది.

వంతెన దగ్గరికొచ్చేసరికి కాలిన నూనె వాసన గుప్పుమంది. క్లచ్ జారడం మొదలైంది. కామ్యార్ బండిని వంతెన నీడలోకి లాగి ఇంజన్ ఆపేశాడు.

"ఏమైంది?"

"ఇంజన్ వేడెక్కిపోయిందండీ. కాసేపు చల్లారనివ్వాలి."

"ఇవాళే వేడెక్కాలా? కావాలని ఆపారా?"

"అయ్యో, లేదండీ! దీనికి గాలి తగిలితేనే చలవ. బండి పరిగెత్తకపోతే గాలెక్కణ్ణించి వస్తుంది?"

షీదా బ్యాగులోంచి నీళ్ళ బాటిల్ తీసి ఇంజన్ మీద వంచబోయింది.

"వద్దొద్దు! చన్నీళ్ళు పడితే పగిలిపోద్ది!" అని అరిచి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నది ఎవరి చెయ్యో గుర్తొచ్చి వెంటనే వదిలేశాడు.

"పర్లేదే, మీకూ గొంతుందే! ఇంజన్ కోసమైతే లేస్తుందన్నమాట."

కామ్యార్ చెమట తుడుచుకున్నాడు. "మీకు ఆలస్యమవుతోంది. టాక్సీ పిలవమంటారా?"

"మీరెలా అంటే అలా."

"నాదేముందండీ, మీ ఇష్టం."

"కాదు, మీ ఇష్టమే."

ఆ ఊళ్ళో ఇద్దరు మనుషులు గుమ్మం దగ్గర "ముందు మీరు" అంటే "ముందు మీరు" అనుకుంటూ నిలబడిపోవడం మామూలే. పెళ్ళి దగ్గర కూడా అదే పని చేస్తే పిల్లను మూడోవాడు తీసుకుపోతాడు. ఈ సంగతి షీదాకు ముందుగా తట్టింది.

"మా ఇంటి ముందు దిగి రోజూ మీతో ఏమంటాను?"

"పైకొచ్చి టీ తాగి వెళ్ళమంటారు."

"మీరేమంటారు?"

"ఇంకోసారి వస్తానంటాను. అందరూ మర్యాదకి అనేదే కదండీ అది!"

"మొదట్లో మర్యాదకే అన్నాను. ఏడాది పొడుగునా ఎవరైనా మర్యాదకి పిలుస్తారా? మా నాన్న రోజూ మీకోసం ఓ గ్లాసు తీసి పెడతాడు. నేనొక్కదాన్నే మెట్లెక్కి వస్తే మళ్ళీ లోపల పెట్టేస్తాడు."

కామ్యార్ రోడ్డు పక్కనే చతికిలబడ్డాడు. "నిజంగానా?"

"లేదు, ఇది కూడా మర్యాదకే అంటున్నా!"

అతను తలెత్తాడు. "వనక్ దగ్గర్నుంచీ ఇదే పనండీ. ఆ వచ్చేవాళ్ళు దారి తప్పాలని మొక్కుకుంటున్నా."

"మరి శుభం అన్నారే?"

"ఇంకేమనమంటారు? మా అమ్మ నన్ను అలాగే పెంచింది!"

షీదాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోన్ తీసి నంబరు నొక్కి అతని చేతిలో పెట్టింది. "మా నాన్న. చెప్పండి."

"సలామండీ... ఆరోగ్యం బాగుందా? మీ చల్లని నీడ ఎప్పుడూ మా మీద ఉండాలి. మీకు శ్రమ ఇస్తున్నందుకు..."

"ఎవరూ, మోటార్ సైకిల్ అబ్బాయివా? ఇన్నాళ్ళకా! బాబూ, వాళ్ళు మెట్లెక్కుతున్నారు. చెప్పేదేదో తొందరగా చెప్పు."

కామ్యార్ ఒకసారి షీదా వంక చూశాడు. "మీ అమ్మాయిని నాకివ్వండి. నాకు చాలా ఇష్టం."

చుట్టూ హారన్లు మోగుతున్నాయి. షీదా అతని చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది.

"సరే, వచ్చినవాళ్ళకి టీ ఇచ్చి, క్షమించమని చెప్పి పంపిస్తాను" అన్నాడు పెద్దాయన చివరికి. "రేపు మీ అమ్మగార్ని తీసుకురా. ఆ బండి మీద మాత్రం వద్దు నాయనా, మెట్రోలో రండి. నా కూతురు నీకోసం ఎదురుచూసింది చాలు."